ఆకు పండు కాలము

పఠనీయ భాగములు: 2 కొరింథీయులకు 4:16–18; 1 రాజులు 19:4–21; సంఖ్యాకాండము 8:23–26; లేవీయకాండము 23:39–43; యెషయా 46:1–4



వానలు వెనుకబట్టినవి. కాలువ నీళ్లు తేరినవి. ఏటిగట్టునను లంకలలోను రెల్లు తెల్లగా పూచినది. తెల్లవారుజామున గడ్డిమీద మంచు నిలుచుచున్నది. పొలములో వరి ఈని, పాలుపోసుకొని, వెన్ను వంచుచున్నది. మన పెద్దలు ఆశ్వయుజ కార్తిక మాసములను శరదృతువు అనిరి. ఈ దినములలో పొలము గట్టున నడచువానికి మనస్సు కొంత తేలికపడును. అయినను సంవత్సరము ముగింపునకు వచ్చుచున్నదని తోచి, నా దినములును ఇట్లే జరిగిపోవుచున్నవి గదా యని దిగులుపడువారు మనలో కలరు. మోకాళ్లు నొచ్చుచున్నవి, చూపు మందగించినది, చేసినంత పని మరల మిగిలియే యున్నది. అట్టివారి కొరకు, వారిలో ఒకడనైన నేను ఈ నెల పాఠమును వ్రాయుచున్నాను.

నాకు ఇప్పుడు 47 సంవత్సరములు. ఈ వయస్సువాడు ముసలితనమును గూర్చి మాట్లాడుటయా యని మన పెద్దలు నవ్వవచ్చును. నవ్వుడి, తప్పులేదు. అయితే తల నెరయుట ఒక్కదినమున జరుగునది కాదు. మొదటి తెల్లవెండ్రుక కనబడిననాడే దానిని గూర్చి దేవుని యెదుట ఆలోచించుట మంచిది.

గత శరత్కాలమున జరిగిన సంగతి చెప్పెదను. నాలుగు గ్రామముల సంఘములు నా చేతిక్రింద ఉన్నవి. ఆ వర్షాకాలములో ముగ్గురు వృద్ధులను సమాధిచేసితిమి. పడుచువారు పనులకై హైదరాబాదునకును బెంగుళూరునకును వెళ్లిపోయిరి. ఆదివారము చాపలమీద తెల్లని తలలే ఎక్కువ. ఒకనాటి సాయంకాలము ఒక విధవరాలి ఇంటికి ప్రార్థనకు వెళ్లితిని. ఆమె తన కుమారుని గూర్చిన దుఃఖము చెప్పుచుండగా నేను కూర్చున్నచోటనే నిద్రపోతిని. మేలుకొనునప్పటికి నా తలక్రింద ఒక దిండు ఉండెను, ప్రక్కన చెంబుతో నీళ్లు ఉండెను. ఆమె గుమ్మముకడ కూర్చుండి, పిల్లలు అల్లరి చేయకుండ చూచుచుండెను. ఆమె ఒక్కమాటయు అనలేదు. ఆ రాత్రి సిగ్గుచేత నాకు నిద్రపట్టలేదు. వినుటకు వెళ్లి వినలేనివాడు కాపరి యెట్లగును? నన్ను ఈ పనినుండి తప్పించుడని పైవారికి ఒక ఉత్తరము వ్రాసి జేబులో పెట్టుకొంటిని.

మరునాడు ఆ ఉత్తరమును తపాలాలో వేయుటకు పొలము గట్టుమీదుగా వెళ్లుచుంటిని. అక్కడ మన సంఘపు పెద్ద ఒకరు, డెబ్బది యేండ్లు దాటినవారు, తన చేనిలో నిలిచియుండిరి. నేను మెట్టప్రాంతమున పుట్టి మిషను వసతిగృహములో పెరిగినవాడను. వరి సంగతి నాకు అంతగా తెలియదు. చేనిలో క్రింది ఆకులు పసుపెక్కుట చూచి, "పెద్దయ్యా, చేనికి తెగులు తగిలినదా?" అని అడిగితిని.

"తెగులు కాదండి అయ్యగారూ," అని ఆయన నవ్వెను. "నాటిన నెలకే పసుపెక్కితే తెగులనో, ఎరువు చాలలేదనో అనుకోవాలి. ఇప్పుడు ఆకు పండుతోందండి. ఆకులో ఉన్న సారమంతా గింజలోకి దిగుతోంది. ఈ రోజుల్లో కూడా ఆకు నల్లగా ఏపుగా ఉందంటేనే నాకు దిగులు, చేను పడిపోతుందేమో, గింజ సరిగా నిండదేమో అని. ఇంకో వారం పోతే బోదె కట్టేసి మడిలో నీళ్లు కూడా తీసేస్తానండి."

"ఇన్ని దినములు కాపాడి పెట్టిన నీటిని ఇప్పుడు తీసివేయుదువా?" అంటిని.

"తీయకపోతే గింజ గట్టిపడదండి. కోతకు మడిలో దిగలేం. చేనుమీద కోపంతో తీస్తామా అండి?"

నేను ఆ దినమున తపాలా పెట్టెవరకు వెళ్లలేదు. ఇంటికి వచ్చి, ఆ మాటలను చేతపట్టుకొని వాక్యమును తెరచితిని. నాకు దొరికినదానిని మీతో పంచుకొనుచున్నాను.

1. ఎండుట వేరు, పండుట వేరు

మన భాష ఎంత మంచిదో చూడుడి. మిక్కిలి వృద్ధుని మనము "పండుటాకు" అందుము, ఎండుటాకు అనము. పసుపు రంగు రెంటికిని ఉన్నది, కాని ఒకదానిలో సారము వృథాగా పోయినది, మరియొకదానిలో సారము గింజకు చేరినది.

గ్రంథమునందును ఈ రెండును కలవు. యెషయా 64:6లో ప్రవక్త తన జనులను వాడిన ఆకుతో పోల్చెను. అక్కడ వారిని వాడ్చినది వయస్సు కాదు, వారి దోషము. 2 కొరింథీయులకు 4:16లో అపొస్తలుడైన పౌలు తన దేహము క్షీణించుచున్నదని ఒప్పుకొనెను. ఆయన దానిని దాచలేదు. దెబ్బలు తిన్నవాడు, ఓడ పగిలి సముద్రమున పడినవాడు, ఆకలిదప్పులు ఎరిగినవాడు దేహము తరుగుటను ఎట్లు దాచగలడు? అయితే వెలుపటిది తరుగుచున్న దినముననే లోపటిది క్రొత్తదగుచున్నదని ఆయన చెప్పెను. ఆ రెండును ఒకే కాలమున జరుగుచున్న పనులని గమనించుడి. చేనిలోను అంతే. ఆకు పసుపెక్కు దినములును గింజ నిండు దినములును వేరు వేరు కావు.

కాబట్టి అలసినవాడు తన్ను అడుగుకొనవలసిన ప్రశ్న, "నేను పసుపెక్కుచున్నానా?" అనునది కాదు, అది అందరికిని వచ్చును. "నా సారము ఎక్కడికి పోవుచున్నది?" అనునదే ప్రశ్న. చిరాకులోనికా, పాతపగలలోనికా, లేక గింజలోనికా?

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. కాలముకాని కాలమున పసుపెక్కిన చేనికి రైతు మందు చూచును. అట్లే మనలో కొందరి అలసట వయస్సువలన వచ్చినది కాదు. రక్తము తక్కువగుటవలనను, చక్కెర వ్యాధివలనను, మనస్సున నిలిచిపోయిన దుఃఖమువలనను మనిషి అలసిపోవును. అట్టివారు ప్రార్థన మాత్రమే చేసి ఊరకుండక, ఆసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకొనవలెను. లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచిన పౌలు దీనికి అడ్డు చెప్పడు.

2. అలసటకు దేవుని మొదటి మందు

1 రాజులు 19వ అధ్యాయమున ఏలీయాను చూడుడి. కర్మెలు పర్వతముమీద ధైర్యముగా నిలిచినవాడే, ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయి బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. దేవుడు అతనిని గద్దింపలేదు. మొదట అతనిని నిద్రపోనిచ్చెను. తరువాత దూత అతనిని తట్టి లేపగా, తలదగ్గర కాల్చిన రొట్టెయు నీళ్లును ఉండెను. అతడు తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి, నీ ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పి మరల భోజనము పెట్టెను. ప్రశ్నలు అడుగుటయు, పని అప్పగించుటయు ఆ తరువాతనే.

ఈ భాగమును నేను ఎన్నిసారులో ప్రసంగించితిని. కాని నా తలక్రింద దిండు పెట్టిన ఆ విధవరాలిని తలంచుకొని చదివినప్పుడే దాని అర్థము నాకు తెలిసినది. నేను ఆమెను ఆదరించుటకు వెళ్లితిని. దేవుడు నన్ను ఆదరించుటకు ఆమెను వాడుకొనెను. దానికి నేను సిగ్గుపడితినే గాని కృతజ్ఞుడను కాలేదు. ఇతరులకు పెట్టుట మాత్రమే ఎరిగి, ఇతరులచేత పెట్టించుకొనుట ఎరుగనివాడు వృద్ధాప్యమునకు సిద్ధపడినవాడు కాడు. తల్లులారా, తండ్రులారా, మీ కోడలు మీ చేతిలోని బిందె అందుకొనవచ్చినప్పుడు ఇచ్చివేయుడి. అది మీ గౌరవమునకు తక్కువ కాదు.

3. సారమును దించుట

ఏలీయాకు దేవుడు మూడు పనులు అప్పగించెను. వాటిలో ఒకటి, ఎలీషాను తనకు మారుగా ప్రవక్తగా అభిషేకించుట. ఎలీషా అప్పుడు పండ్రెండు అరకల యెడ్లతో దున్నుచున్న పొలములో ఉండెను. ఏలీయా వెళ్లి తన దుప్పటి అతనిమీద వేసెను. నేనొక్కడనే మిగిలితినని విలపించినవానికి, ఏడువేలమంది ఇంకను ఉన్నారని దేవుడు తెలియజేసి, వారిలో దున్నుచున్న ఒక పడుచువానిని చూపించెను.

లేవీయులను గూర్చిన ధర్మమును మనము తరచుగా చదువము. సంఖ్యాకాండము 8:23–26 తెరవుడి. లేవీయుడు ఇరువది యైదవ యేట సేవలో ప్రవేశించును. ఏబదియవ యేట బరువైన పనిని మానవలెను. మందసమును, పలకలను, తెరలను మోసికొని అరణ్యములో నడచినవారికి అది దయగల ఆజ్ఞ. అయితే ఇంటికి పొమ్మని దేవుడు చెప్పలేదు. అతడు తన సహోదరులతోకూడ గుడారమున ఉండి, కాపాడవలసినవాటిని కాపాడుచు వారికి తోడుపడవలెను. మోయుట పడుచువాని వంతు, కనిపెట్టుట పెద్దవాని వంతు. ఏ దడి ఎక్కడ ఊగునో, ఏ త్రాడు ఎప్పుడు నానునో ఎరిగినవాడు లేకున్న, బలముగల పడుచువాడును తప్పటడుగు వేయును.

ఏబది యేండ్లకు నాకు ఇంకను మూడు సంవత్సరములున్నవి. నా బరువును ఎవరి భుజమునకు ఎత్తవలెనో నేను ఎన్నడును ఆలోచింపలేదని ఆ దినమున తెలిసికొంటిని. నాలుగు గ్రామములలో ప్రార్థన నేనే నడుపవలెను, సండేస్కూలు లెక్క నేనే చూడవలెను, గుడి తాళపుచెవి నా మొలలోనే ఉండవలెను అనుకొంటిని. అది నమ్మకత్వమనుకొంటిని. కోతకాలమునను నల్లగా ఏపుగా నిలిచిన ఆకు అది.

4. పందిరి క్రింద సంతోషము

శరత్కాలమునకు గ్రంథమునందు ఒక పండుగ కలదు. లేవీయకాండము 23వ అధ్యాయములో ఏడవ నెల 15వ దినమున మొదలగు పర్ణశాలల పండుగ అదే. అది మన ఆశ్వయుజ కార్తిక దినములకు దగ్గరగా వచ్చును. ధాన్యము, ద్రాక్షపండ్లు కూర్చుకొనిన తరువాత, ఇశ్రాయేలీయులు మంచి యిండ్లు విడిచి, ఖర్జూరపు మట్టలతోను ఆకులుగల కొమ్మలతోను పందిళ్లు వేసికొని, ఏడు దినములు వాటిలో ఉండి సంతోషింపవలెను. ద్వితీయోపదేశకాండము 16:14 ప్రకారము దాసదాసీలు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు ఆ సంతోషములో కలిసియుండవలెను.

పచ్చికొమ్మల పందిరి ఏడు దినములలో ఏమగునో పెండ్లిపందిరి చూచిన మనకు తెలియును. మూడవ దినమునకే ఆకు వాడును, పందిరిలో చుక్కలు కనబడును. అట్టి వాడుచున్న కప్పు క్రింద కూర్చుండి సంతోషించుమని దేవుడు ఆజ్ఞాపించెను. మీ పితరులు అరణ్యములో ఇట్టి నీడలలోనే బ్రదికిరి, వారిని కాచినది కప్పు కాదు, నేనే అని వారు నేర్చుకొనవలెనని. మన దేహమును అట్టి గుడారమే యని 2 కొరింథీయులకు 5:1లో చదువుదుము.

మరియొక సంగతి తెలిసికొనుడి. మన తొలకరి జ్యేష్ఠమాసమున వచ్చును. యూదయ దేశమున ఎండకాలమంతయు వాన లేదు. ఈ పండుగ గడచిన తరువాత, అక్టోబరు నవంబరు నెలలలో అక్కడి తొలకరి కురియును. యాకోబు 5:7లో రైతు ఓపికతో కనిపెట్టు తొలకరి వాన ఇదియే. ఆ వానకు గట్టినేల మెత్తబడగా దున్నుట ఆరంభమగును. మనకు వానలు వెనుకబట్టు కాలము వారికి విత్తనపు కాలము. ఒక దేశపు ముగింపు మరియొక దేశపు ఆరంభమైనప్పుడు, ఇది నా ముగింపు అని మనము త్వరపడి ఏల పలుకవలెను?

5. మోయువాడు ఎవడు?

రెల్లుపూలును, తేట నీళ్లును, కొల్లేటికి చలికాలమున దూరదేశములనుండి చేరు నీటిపక్షులును మనస్సునకు ఆదరణ ఇచ్చును. పక్షులు తమ తమ కాలములను ఎరుగునని యిర్మీయాయును సాక్ష్యమిచ్చెను (8:7). అయితే ప్రకృతి మన ఆదరణకర్త కాదు. మన తీరమున ఈ కాలమే తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది మనుష్యులు మరణించిరి. కోతకు వచ్చిన చేలును ఇండ్లును కొట్టుకొనిపోయినవి. అది నేను పుట్టకమునుపటి సంగతి. అయినను శరత్కాలపు అందమును గూర్చి మాట్లాడువాడు దానిని మరచి మాట్లాడరాదు. ఆకాశము చల్లగా చూచినందున దేవుడు మంచివాడు కాలేదు, మబ్బు కమ్మినందున చెడ్డవాడు కాలేదు. 121వ కీర్తన వ్రాసినవాడు కొండలవైపు చూచెను. అయితే సహాయము కొండలను చేసినవానియొద్దనుండి వచ్చునని ఎరిగెను.

యెషయా 46:1–4లో రెండు మోతలు కనబడుచున్నవి. బబులోను దేవతలైన బేలు, నెబో అను ప్రతిమలను పశువులమీద ఎక్కించిరి. అవి అలసిన పశువులకు భారమైనవి. తన్ను పూజించువారు మోయవలసిన దేవుడు అట్టివాడు. అయితే యెహోవా తన జనులను గర్భమునుండి ఎత్తుకొనెను, వారి తల నెరసినప్పుడును ఎత్తుకొనెదనని సెలవిచ్చెను. మనము దేవుని మోయుచున్నామా, దేవుడు మనలను మోయుచున్నాడా? నేను సంఘమును మోయుచున్నాను, సువార్తను మోయుచున్నాను అనుకొని అలసితిని. ఆ దినమున నా యలసటలో సగము ఈ తలంపువలననే కలిగినదని గ్రహించితిని. మిగిలిన సగము మోకాళ్లవలన. దానికి తైలము రాచుకొనుచున్నాను.

ఉత్తరము ఏమైనదని మీరు అడుగవచ్చును. దానిని పంపలేదు, చింపను లేదు. నా బైబిలులోనే ఉన్నది. దానికి బదులు మరియొక ఉత్తరము వ్రాసి, రెండు గ్రామములలో సాయంకాల ప్రార్థనను ఇద్దరు పడుచువారికి అప్పగించుటకు అనుమతి కోరితిని. ఒకతె చదువు ముగించి ఊరిలోనే యున్న చిన్నది. మరియొకడు మోటారుసైకిళ్లు బాగుచేయు కుర్రవాడు. ఆ కుర్రవాడు వాక్యము చదువునప్పుడు తడబడును. మొదటి నెలలో వెనుక చాపమీద కూర్చుండి నోరు కట్టుకొనుట నాకు ఉపవాసముకంటె కష్టమైనది. కాని ఆ ఊరిలో నా ప్రార్థనకు రాని నలుగురు కుర్రవాండ్రు అతని ప్రార్థనకు వచ్చుచున్నారు.

ఆ విధవరాలి ఇంటికి మరల వెళ్లితిని. మొదట నిద్రపోయినందుకు క్షమాపణ అడిగితిని. ఆమె, "ఊరుకోండి అయ్యగారూ, మా ఇంట్లో మీకు నిద్ర పట్టిందని నేను సంతోషించాను," అనెను. తరువాత తన కుమారుని సంగతి మొదటినుండి చెప్పెను. ఈసారి కడవరకు వింటిని.

ప్రియులారా, ఈ నెల ఒక సాయంకాలము చేని గట్టుకు వెళ్లుడి. నడువలేనివారిని మనుమలు చేయిపట్టుకొని తీసికొనిపోవలెను. ఒక వెన్నును చేతిలోనికి తీసికొని, దాని క్రింద పండిన ఆకును చూడుడి. కోపముతో కాదు, కోతకొరకే నీటిని తీయు రైతును తలంచుకొనుడి. పచ్చి ఆకుగా నున్న పడుచువారలారా, పండుటాకును చూచి నవ్వకుడి. మీరు తినుచున్న సారము దానిదే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మా యింటిలో ఎవరు అలసియున్నారు? వారు విశ్రమించుటకు ఈ వారము మేమేమి చేయగలము?
2. నేను చేతులు విడువక పట్టుకొనిన పని ఏది? దానిని ఎవరికి నేర్పవలెను?
3. నా యలసట వయస్సువలన కలిగినదా, వ్యాధివలన కలిగినదా, దేవునిని నేనే మోయుచున్నాననుకొనుటవలన కలిగినదా?

ప్రార్థన: కాలములను నియమించిన తండ్రీ, మా బలము తరుగుచుండగా మమ్మును విడువకుము. మేము ఎండిపోక పండునట్లు మా సారమును మా పిల్లలకును నీ సంఘమునకును దింపుము. ఇతరులు పెట్టిన దిండుమీద కృతజ్ఞతతో తల వాల్చుట మాకు నేర్పుము. మా తల నెరసినప్పుడు నీవే మమ్మును ఎత్తుకొనుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.